పక్క వాటాలో ఎస్తేరమ్మ గారు

డెనీస్ నుంచి కబురు వచ్చేసరికి నేను దోహాలో, వక్రా వెళ్లే మెట్రోలో ఉన్నాను. "అమ్మ నిన్న ఉదయం వెళ్లిపోయింది. నిద్రలోనే. మీ అమ్మగారికి నువ్వే చెప్పు" అని రాసింది. కింద ఒక ఫొటో పెట్టింది. అమెరికాలో వాళ్ల రాష్ట్ర శాసనసభ భవనం, దాని మీద సగానికి దించిన జెండా. ఆ సభలో సభ్యురాలిగా అడుగుపెట్టిన మొట్టమొదటి నల్లజాతి మహిళ కోసం దించిన జెండా అది. అక్కడి పత్రికలు ఆవిడ గురించి గొప్పగానే రాసి ఉంటాయి. నాకు మాత్రం ఈ ఊళ్లోనే మదీనత్ ఖలీఫా పేటలో మా పక్క వాటా మెట్టు మీద కూర్చుని, అమ్మ వేయించిన బెండకాయ ముక్కలు గిన్నెలోంచే తింటూ "ఉప్పు చాల్లేదు, విశాలా" అని వంక పెట్టే పెద్దావిడే కళ్ల ముందుకొచ్చింది. చివరి స్టేషన్ వచ్చి అందరూ దిగిపోయినా నేను కూర్చునే ఉన్నాను. స్టేషన్లో పనిచేసే ఒకావిడ వచ్చి "ఖలాస్ మేడమ్, ఇక్కడితో ఆఖరు" అని లేపింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ సోఫాలో కూర్చుని కరివేపాకు దూస్తోంది. ఏటా చలికాలం నాలుగు నెలలు నా దగ్గరికి వస్తుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు మంచినీళ్లు ఇచ్చాను. "నీళ్లెందుకే, ఎవరు పోయారో చెప్పు" అంది. చెప్పాను. చేతిలో ఉన్న కరివేపాకు రెబ్బ చివరిదాకా దూసింది. తర్వాత "ఎన్నేళ్లు?" అంది. తొంభై మూడు అన్నాను. "తొంభై మూడా! నాకు రెండేళ్లు తగ్గించి చెప్పిందన్నమాట!" అని నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. ఆ సాయంత్రమంతా మేమిద్దరం ఆవిడ కబుర్లే చెప్పుకున్నాం. నాకు గుర్తున్నది అమ్మకి గుర్తులేదు, అమ్మకి గుర్తున్నది నేను ఒప్పుకోలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నది నా జ్ఞాపకం. అమ్మ చదివితే సగం కొట్టేస్తుంది.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మేము మదీనత్ ఖలీఫాలో ఒక పెద్ద విల్లా వెనక వాటాలో ఉండేవాళ్లం. ఇంటాయన దాన్ని రెండు వాటాలు చేసి, మధ్యలో చెక్క గోడ ఒకటి కట్టించాడు. ఆ గోడ పుణ్యమా అని అవతలి వాళ్లు తుమ్మితే ఇవతల మేము "చిరంజీవ" అనేవాళ్లం. నాన్న ఒక నిర్మాణ కంపెనీలో కొలతలూ అంచనాలూ వేసే ఉద్యోగం చేసేవారు. తెల్లవారి అయిదింటికే ఆయన స్నానం నీళ్ల చప్పుడు, ఆరింటికి అమ్మ పోపు ఘాటు, ఏడింటికి ప్రహరీ అవతల ఉండే ఇంటాయన వాళ్ల వైపు నుంచి సాంబ్రాణిలాంటి బఖూర్ వాసన. ఏసీలోంచి వచ్చే తడి వాసన వీటన్నిటి అడుగునా ఎప్పుడూ ఉండేది. ఈ రోజుకీ ఏ పాత బిల్డింగు మెట్లెక్కినా ఆ తడి వాసన తగిలితే నాకు స్కూలు బస్సు తప్పిపోతుందన్న కంగారు పుడుతుంది.

ముందు వాటాలో డెనీస్ ఉండేది. అమెరికా వాళ్ల బళ్లో లెక్కల టీచరు. ఒక అక్టోబరులో వాళ్లమ్మ ఎస్తేర్ గారు మోకాళ్ల నొప్పులకి ఎండ మంచిదని కూతురి దగ్గరికి వచ్చింది. కొత్తగా ఎవరు దిగినా గిన్నెడు పులిహోర పట్టుకెళ్లడం మా అమ్మకి అలవాటు. తలుపు తీసిన ఎస్తేర్ గారు గిన్నె మూత ఎత్తి, అక్కడే నిలబడి చేత్తో ఒక ముద్ద తిని, "ఇది ఎలా చేశావో చూడాలి, మీ వంటింటికి పద" అని మా వెంట వచ్చేసింది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇద్దరికీ మధ్య మార్చి చెప్పేది నేనే. మేము ముందు గదిలో కూర్చోమంటే వినలేదు. ముందు గదిలో కూర్చున్నవాళ్లు మర్యాదలు మాట్లాడతారు, వంటింట్లో అయితే సంగతులు మాట్లాడతారు అంది. మా గుంటూరు ఆస్పత్రిలో నేను పుట్టినప్పుడు చూసిన నర్సు పేరు ఎస్తేరమ్మట. అందుకని మా అమ్మ నాలుగో రోజు నుంచే ఈవిణ్ణి ఎస్తేరమ్మ గారూ అని పిలిచేది. ఆ 'గారు' ఏమిటని ఆవిడ అడిగితే, నేను గౌరవం అని చెప్పాను. "మా సభలో అది సంపాదించడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇక్కడ నాలుగు రోజుల్లో వచ్చింది" అని ఆవిడ పెద్దగా నవ్వింది.

అప్పటికి మాకు ఆవిడ ఎవరో తెలియదు. రోజూ పొద్దున మెట్టు మీద కూర్చుని ఒక నల్ల అట్ట నోటుబుక్కులో ఏదో రాసుకునేది. ఇక్కడ సెలవు శుక్రవారం గనక చర్చి కూడా ఆ రోజే, పెద్ద అంచు టోపీ పెట్టుకుని ప్రార్థనకి వెళ్లేది. ఆ టోపీలు ఆరు ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో పెట్టె. వంకాయ రంగు టోపీ పెట్టిన రోజు ఆవిడతో ఎవరూ వాదించేవారు కాదు. బెండకాయ ఆఫ్రికా నుంచి తమ ముత్తవ్వలు తెచ్చినదని ఆవిడా, కాదు మాదేనని అమ్మా పోట్లాడుకునేవారు. మా బియ్యపురవ్వ ఉప్మా తిన్న రోజున మాత్రం ఆవిడ ఏ వంకా పెట్టకుండా గిన్నె ఖాళీ చేసింది. తన తల్లి దాదాపు ఇలాంటిదే మొక్కజొన్న రవ్వతో చేసేదట. ఆ ఉప్మా దగ్గరే తన కథ మొత్తం చెప్పింది.

తల్లి తెల్లవాళ్ల ఇళ్లకి బట్టలు ఉతికేది. ఇస్త్రీ చేసిన మూటలు పట్టుకుని పెరటి తలుపు కొట్టడం చిన్నప్పటి ఎస్తేరు పని. ముందు తలుపు కొట్టకూడదు. చదువుకుని టీచరయ్యింది. వాళ్ల పేటలోకి స్కూలు బస్సు వచ్చేది కాదు, పిల్లలు వానలో రెండు మైళ్లు నడిచేవారు. బస్సు కావాలని తమ శాసనసభ్యుడికి ఉత్తరం రాస్తే "ప్రియమైన అయ్యా" అని జవాబు వచ్చిందట. ఉత్తరం కింద ఇంత పెద్దగా తన పేరు రాసినా, ఆడది ఉత్తరం రాస్తుందని ఆయనకి తోచలేదు. "ఆ 'అయ్యా' చూసి ఒళ్లు మండింది. ఆ కుర్చీ కోసం నేనే నిలబడ్డాను" అంది. మొదటిసారి ఓడిపోయింది. రెండోసారి గెలిచింది. మొదటి రోజు సభలోకి వెళితే, కాఫీ తెచ్చే మనిషనుకుని నలుగురు సభ్యులు కాఫీ చెప్పారట. మా అమ్మ "అయ్యో, మీరేం చేశారు?" అని గరిటె వదిలేసింది. "ఎవరికి పాలు, ఎవరికి చక్కెర అన్నీ నోటుబుక్కులో రాసుకుని తెచ్చి ఇచ్చాను. వారం తర్వాత అదే నలుగురి దగ్గరికీ నా బస్సు బిల్లు పట్టుకుని వెళ్లాను. మీకు కాఫీ తెచ్చినదాన్ని, ఇప్పుడు మీ సంతకం తీసుకెళ్లడానికి వచ్చాను అన్నాను. ఒక్కరు కాదనలేదు." అది చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో బాధ లేదు. మంచి బేరం చేసి వచ్చిన మనిషి తృప్తి ఉంది. నాకు అప్పటిదాకా రాజకీయాలంటే జీపులూ మైకులే. అలా కాఫీ కప్పుతో కూడా నడుస్తాయని ఆ రోజే తెలిసింది.

ఇక మా సంఘం సంగతి చెప్పాలి. దోహాలో ఉండే తెలుగు కుటుంబాలు కలిసి పెట్టుకున్న సంఘం అది. ఏడాదికొకసారి, ఉగాది తర్వాత వచ్చే మొదటి శుక్రవారం, ఒక స్కూలు హాల్లో సభ. పచ్చడి, పంచాంగం, పిల్లల డాన్సులు, అధ్యక్షుడి ఉపన్యాసం, కొత్త కార్యవర్గం ఎన్నిక, భోజనం. ఈ వరస ఎప్పుడూ మారేది కాదు. అధ్యక్షుడు ఒక పెద్ద డాక్టరు గారు. కార్యదర్శి రావు గారు, ఆరేళ్లుగా ఆయనే. నాన్న ఆఫీసులో ఆయన నాన్నకి పై అధికారి కూడా. మనిషి చెడ్డవాడు కాదు, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆయన కారే వచ్చేది. కానీ కార్యదర్శి చేయవలసిన రాతపని అంతా మా అమ్మ చేసేది. ఆహ్వానాలు, సంచిక, నియమాల పుస్తకం, ఆఖరికి డాక్టరు గారి ఉపన్యాసం కూడా. అమ్మ తెలుగు ఎమ్మే. రావు గారు గురువారం సాయంత్రం వచ్చి "విశాలాక్షమ్మా, కాస్త నాలుగు ముక్కలు రాసిపెట్టు తల్లీ" అనేవారు, అమ్మ నాలుగు పేజీలు రాసేది.

ఆ ఏడు ఉపన్యాసం రాస్తున్నప్పుడు ఎస్తేరమ్మ గారు పక్కనే ఉంది. చదివి చెప్పమంటే నేను ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. "నోరూరించే వంటకాలతో మనల్ని అలరించిన మహిళామణులకు హృదయపూర్వక ధన్యవాదాలు" అనే చోట ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ ధన్యవాదాలు ఎవరు చెబుతారు?"

"డాక్టరు గారు" అంది అమ్మ.

"ఎవరికి?"

"మాకు."

"రాసింది నువ్వు. అంటే నీకు నువ్వే ధన్యవాదాలు రాసుకుని, చదవమని ఆయనకి ఇస్తున్నావు."

అమ్మ పెన్ను కింద పెట్టి ఆ వాక్యం మళ్లీ చదువుకుంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. అమ్మకి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక ఎస్తేరమ్మ గారు మామూలుగా అడిగింది. "మీ సభలో ఆడవాళ్లకి ఓటు ఉందా?" ఉందని అమ్మ చెప్పింది. చేతులెత్తి ఎన్నుకుంటామంది. "మరి ఓట్లు వేసే సమయంలో మీరంతా ఎక్కడ ఉంటారు?" "వెనక గదిలో" అంది అమ్మ. ఎన్నిక అయిన వెంటనే భోజనాలు కదా. అందుకని ఎన్నిక మొదలయ్యేసరికి ఆడవాళ్లందరూ వెనక గదిలో విస్తళ్లు సర్దుతూ, పులిహోర కలుపుతూ ఉండేవారు. అన్నేళ్లలో ఒక్క ఆడమనిషి చెయ్యి కూడా హాల్లో లేవలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ తోచలేదు, అంతే.

అమ్మకి కార్యదర్శి కావాలని ఉంది. ఆ మాట ఆ రోజు నోటితో అనలేదు గానీ మర్నాడు నాన్నకి టిఫిను పెడుతూ అంది. నాన్న ఇడ్లీ ముక్క పచ్చడిలో అద్ది, అద్ది, ఇక అద్దడానికి ముక్క మిగలనంత సేపు ఆలోచించారు. "రావు గారి మీదా?" అన్నారు. "ఆయన మీద కాదండీ, ఆ పదవికి. ఆరేళ్లుగా పని నాది, పేరు ఆయనది. ఒక్కసారి నా పేరు కింద నేను సంతకం పెట్టాలని ఉంది" అంది అమ్మ. నాన్న "సరే, నీ ఇష్టం" అన్నారు. ఆయన సరే అన్న తీరు చూస్తే పాపం నాకే జాలేసింది.

అప్పటి నుంచి మా వంటింట్లో ఎస్తేరమ్మ గారి బడి మొదలైంది. ఆవిడ తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. ఇంటింటికీ ఒక పేజీ. ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, కుక్క పేరేమిటి, ఏది పాడైపోయి విసిగిస్తోంది, ఏ వేళకి వెళితే తలుపు తీస్తారు, అన్నీ రాసి ఉన్నాయి. ఓటు అనే మాట మాత్రం మొదటి పేజీల్లో ఎక్కడా లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఓటు అడగకూడదట. ఇక్కడ ఏది బాగాలేదని అడిగి, చెప్పింది రాసుకుని, పెట్టింది తిని రావాలట. మా అమ్మ పుస్తకం పట్టుకుని నేను వెనకాల, సాయంత్రాలు నాన్న కారులో ఇల్లిల్లూ తిరిగాం. ఒకావిడ తన పిల్లాడు తెలుగు కూడబలుక్కుని కూడా చదవలేకపోతున్నాడని ఏడ్చింది. ఇంకొకావిడ "రెండు వందల మందికి పులిహోర కలిపి కలిపి భుజం పడిపోయిందండీ, ఈ ఒక్క ఏడూ హోటల్లో చెప్పించండి, మీకే నా ఓటు" అంది. మరొకావిడ మా ఆయన్ని అడిగి చెబుతానంది. అమ్మ "అడగండి, ఆయన ఓటు కూడా కావాలి" అంది. ఆ మాట ఎస్తేరమ్మ గారికి చెబితే ఆవిడ అమ్మని వాటేసుకుంది.

సభ రోజున ఏర్పాటు ఏమిటంటే, ఎన్నిక ముగిసేదాకా ఏ ఆడమనిషీ హాల్లోంచి కదలకూడదు. వడ్డన పని ఆ ఒక్క రోజుకి మగవాళ్లది. నాన్న "సాంబారు నేను చూసుకుంటాను" అని అందరికంటే ముందు చెయ్యెత్తారు. అమ్మ మురిసిపోయింది. వంకాయ రంగు టోపీ పెట్టుకుని ఎస్తేరమ్మ గారు చివరి వరసలో నా పక్కన కూర్చుంది. ఆవిడకి ఓటు లేదు గనక గట్టిగా ఊపిరి కూడా తీసుకోకూడదని తనకు తానే చెప్పుకుంటోంది. మా వెనక గోడ వారగా కూలీల క్యాంపుల నుంచి వచ్చినవాళ్లు, జగిత్యాల, నిర్మల్ వైపు మనుషులు, ఏటా లాగే నిలబడి ఉన్నారు. ఉగాది పూట తెలుగు భోజనం దొరుకుతుందని కంపెనీ బస్సులో వచ్చేవారు. వాళ్లకి కుర్చీలు వేయాలని ఎవరికీ తోచేది కాదు. మాకూ తోచలేదు.

డాక్టరు గారు పెన్సిలు పట్టుకుని వరసల మధ్య నడుస్తూ చేతులు లెక్కపెట్టారు. ముందు రావు గారికి. తర్వాత "విశాలాక్షి గారికి" అనగానే ఎన్ని గాజులు ఒక్కసారి గలగలలాడాయో! నాకు ఒళ్లు పులకరించింది. ముందు వరసలో కూర్చున్న అమ్మ తల వంచుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కొంగు అంచు మడతలు పెడుతోంది. ఎస్తేరమ్మ గారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎత్తు, ఎత్తు" అని పళ్ల బిగువున అంటోంది. అమ్మ ఎత్తలేదు. డాక్టరు గారు రెండుసార్లు లెక్క చూసుకుని, ఇబ్బందిగా నవ్వి, రావు గారు ఒక్క చెయ్యి తేడాతో గెలిచారని చెప్పారు.

చప్పట్లు అయ్యాయి. వెనక గదిలోకి వెళితే నాన్న ఒక్కరే సాంబారు గంగాళం ముందు గరిటెతో నిలబడి ఉన్నారు. మిగతా మగవాళ్లందరూ మూతలు పెట్టేసి ఓటు వెయ్యడానికి హాల్లోకి వచ్చారు. ఆయన మాత్రం రాలేదు. "అడుగంటుతుందేమోనని..." అన్నారు. పొయ్యి లేని గదిలో, దించి గంటైన సాంబారు అడుగంటుతుందేమోనట! అమ్మ గరిటె అందుకుంది. అప్పుడే క్యాంపుల వాళ్లలో పెద్దవాడు గంగారాం కంచం పట్టుకుని వచ్చాడు. అమ్మ ఏదో మాట్లాడాలి కదా అని "నువ్వు చెయ్యెత్తావా గంగారాం?" అని అడిగింది.

ఆయన ఆశ్చర్యపోయాడు. "మేమా? మాకు గూడ ఓటున్నదా అమ్మా? గట్లని మాకెవ్వలు జెప్పలే. మేం తినెటందుకు వచ్చినమని ఊకున్నం. అడుగుతె ఎత్తకపోదుమా?"

నియమాల పుస్తకంలో 'దోహాలో నివసించే తెలుగువారెవరైనా ఓటు వేయవచ్చు' అని ఉంది. అచ్చుకి ఇవ్వడానికి ఆ పుస్తకం చక్కగా తిరగరాసింది మా అమ్మే. గంగారాం కంచంలో సాంబారు పోస్తూ అమ్మ "తప్పు నాదేనయ్యా" అంది.

ఇంటికి వెళ్లేటప్పుడు కారు నాన్న నడుపుతున్నారు. ముందు సీట్లో అమ్మ, వెనక సీట్లో నేనూ ఎస్తేరమ్మ గారూ, ఆవిడ ఒళ్లో ఆ టోపీ. రెండు సిగ్నళ్లు దాటాక ఆవిడ "ఎందుకు ఎత్తలేదు?" అని అడిగింది. "నా పేరు చెప్పినప్పుడు నేనే చెయ్యెత్తుకుంటే ఏం బాగుంటుందండీ? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అంది అమ్మ. నేను ఆ మాటని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే, ఎస్తేరమ్మ గారు "అర్థమైంది, చెప్పక్కర్లేదు" అంది. తర్వాత నాన్న వంక తిరిగింది. నాన్న స్టీరింగు మీద నుంచి చూపు తిప్పకుండా, పరీక్ష తప్పిన పిల్లాడి గొంతుతో, "నేను... హాల్లోకి వస్తే రావు గారు నా ఎదురుగానే ఉంటారండీ. ఆయనకి వెయ్యలేను. ఆయన చూస్తుండగా ఈమెకి వెయ్యలేను. అందుకే సాంబారు..." అని ఆపేశారు.

ఎస్తేరమ్మ గారు పకపకా నవ్వింది. టోపీ జారి కింద పడింది. అమ్మకి కోపం వచ్చింది, నవ్వు వద్దన్నా వినకపోయేసరికి తనూ నవ్వేసింది. నవ్వి, అద్దం వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. నేను చూశాను. ఆ పదవి మీద ఆశ ఎంత ఉందో అప్పుడు నాకు తెలిసింది. ఎస్తేరమ్మ గారు ముందుకి వంగి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "విశాలా, నేను మొదటిసారి ఓడిపోయినప్పుడు వందల ఓట్లు తక్కువయ్యాయి. అవి ఎవరివో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఏడాది తిరిగాను. అవి మిల్లులో రాత్రి షిఫ్టు చేసేవాళ్లవి. నేను వెళ్లిన వేళకి వాళ్లు నిద్రపోతుండేవారు. తలుపు తీయకపోతే ఇష్టం లేదేమో అనుకుని వచ్చేసేదాన్ని. నీకు ఆ శ్రమ లేదు. తక్కువైన ఓట్లన్నీ ఎక్కడున్నాయో నీకు పేరుపేరునా తెలుసు. రెండు ఈ కారులోనే ఉన్నాయి" అంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మే నెలలో, ఎండలు ముదరకముందే, ఎస్తేరమ్మ గారు తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత డెనీస్ కూడా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎస్తేరమ్మ గారు మళ్లీ ఖతార్ రాలేదు. ఉత్తరాలు వచ్చేవి, క్రిస్మస్‌కి ఒకటి, ఉగాదికి ఒకటి. ఉగాది ఎప్పుడో అక్కడ ఎవరిని అడిగి తెలుసుకునేదో! ఆ ఏడాది అమ్మ ఒక్కర్తే పని మొదలుపెట్టింది. ఇళ్లతో పాటు, నాన్నని వెంటబెట్టుకుని శుక్రవారం మధ్యాహ్నాలు ఊరి చివర మెసైమీర్ అవతల ఉన్న క్యాంపుకి వెళ్లేది. వాళ్లకి తీరికున్నది ఆ పూటే. మొదటిసారి వెళ్లినప్పుడు గంగారాం మంచం మీద దుప్పటి దులిపి "గీడ కూసోండ్రి అమ్మా" అని, స్టవ్వు మీద చాయ్ పెట్టాడు. ఒక గదిలో పది మంచాలు, వాటి మధ్య తీగ మీద ఆరుతున్న డ్యూటీ బట్టలు. ఏది బాగాలేదని అడిగితే ముందు అంతా బాగానే ఉందన్నారు. తర్వాత ఒకాయన "నిలవడి తినుడు బాగలేదమ్మా" అన్నాడు. అమ్మ ఆ ఒక్క మాట ఒక పేజీ అంతా ఖాళీ వదిలి పైన రాసుకుంది. ఇంటికి వచ్చాక చాలాసేపు ఆ పేజీ తెరిచిపెట్టుకుని కూర్చుంది. పదవి కావాలన్న కోరికకి అప్పటిదాకా తన సంతకం ఒక్కటే కారణం. ఆ రోజు తర్వాత కుర్చీలు కూడా కారణమయ్యాయి.

ఇప్పుడు నేను అదే సంఘానికి వెళుతుంటాను. కార్యవర్గంలో ముగ్గురు ఆడవాళ్లున్నారు, గట్టివాళ్లు, నన్ను ఆంటీ అని పిలిచి పనులు చెబుతారు. ఎన్నిక ఫోన్లోనే జరిగిపోతుంది. బొమ్మ నొక్కితే ఓటు. పులిహోర హోటలు నుంచి డబ్బాల్లో వస్తుంది, ఎవరి భుజమూ పడిపోవడం లేదు. ఇవన్నీ మంచివే, అప్పటిలా ఉంటే బాగుండునని నేను ఎప్పుడూ అనను. కానీ ఓటడగడానికి మా ఇంటికి ఎవరూ రారు. ఏది బాగాలేదని మా వంటింట్లో కూర్చుని ఎవరూ అడగరు. మొన్నటి సభలో కుర్చీలు బోలెడు ఉన్నా, క్యాంపుల నుంచి వచ్చినవాళ్లు నలుగురు గోడ వారగానే నిలబడ్డారు. ఆధునికమైన ఫోన్లున్నాయి వాళ్ల చేతుల్లో, ఓటు లింకు మాత్రం ఎవరూ పంపలేదు. నేను వెళ్లి ముందుకి రమ్మన్నాను. "పర్వాలేదు మేడం" అన్నారు. పర్వాలేదంటే వదిలేసి వచ్చాను. ఎస్తేరమ్మ గారైతే వదిలేది కాదు, మా అమ్మ కూడా వదిలేది కాదు. అది నేను సిగ్గుపడవలసిన సంగతే.

అప్పుడు, అమ్మ ఓడిన మరుసటి ఏడాది ఉగాది సభలో, హాల్లో వెనక గోడ వారగా ఎవరూ లేరు. అద్దెకు తెచ్చిన కుర్చీల్లో గంగారాం, ఆయనతో వచ్చినవాళ్లు నలభై మంది దాకా ఉతికిన చొక్కాలు వేసుకుని కూర్చున్నారు. నాన్న రావు గారి పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే కావాలని వెళ్లి అక్కడే కూర్చున్నారు. డాక్టరు గారు ముందు రావు గారి పేరు చెప్పి చేతులు లెక్కపెట్టారు. తర్వాత అమ్మ పేరు చెప్పారు. ఆ పేరు పూర్తి కాకముందే ముందు వరసలో ఒక చెయ్యి నిటారుగా లేచింది, మోచేతి దాకా గాజులు జారిపోయేటంత నిటారుగా. అది అమ్మది. ఆ తర్వాత నాన్నది. ఆ తర్వాత నేను తల తిప్పి చూస్తే చివరి వరస దాకా చేతులే. డాక్టరు గారు సగం వరసలు దాటేసరికే రావు గారి లెక్క దాటిపోయింది. ఆయన పెన్సిలు జేబులో పెట్టుకుని, "అయిపోయిందమ్మా విశాలాక్షీ, నువ్వు గెలిచావు. నీ ఓటు లెక్కలో అక్కర్లేదు కూడా, ఇక దించు" అన్నారు.

"మొత్తం లెక్కపెట్టండి డాక్టరు గారూ" అంది అమ్మ. ఆయన మళ్లీ పెన్సిలు తీశారు. చివరి వరసలో ఆఖరి మనిషిని లెక్కపెట్టి, పుస్తకంలో అంకె వేసేదాకా మా అమ్మ చెయ్యి దించలేదు.